నాలుగెకరాలకు పాత ట్రాక్టర్: కొనే ముందు చూసినవి

చేవెళ్ల వైపు నాలుగెకరాల చెల్క (ఎర్ర ఇసుక నేల). ఎకరంన్నరలో టమాటా, వంగ, బెండ. మిగతాది మొక్కజొన్న, కంది. చెల్కలో వాన పదును రెండు మూడు రోజులకు మించి ఆగదు. ఆ రెండు రోజులూ కిరాయి బండ్లన్నీ పెద్ద కమతాల్లోనే ఉంటాయి. అందుకే సొంతానికి పాత బండి వెతికాను.

ముందు హార్స్‌పవర్ (హెచ్‌పీ, ఇంజన్ బలం) తేల్చుకోవాలి. కూరగాయలు, పండ్ల తోట మాత్రమే ఉన్నవాళ్లకు కుబోటా బీ2441, మహీంద్రా జీవో 245 లాంటి 24 హెచ్‌పీ మినీ బండ్లు బాగుంటాయి. నాలుగు చక్రాలూ లాగుతాయి, చెట్ల కిందకు దూరతాయి. కాకపోతే పాతవి అమ్మకానికి రావడమే తక్కువ, వచ్చినా ధర దిగదు. స్వరాజ్ 735, మాస్సీ ఫెర్గూసన్ 1035 లాంటి మూడు సిలిండర్ల బండ్లు పల్లెల్లో ఎక్కువ. సామాను దగ్గర్లోనే దొరుకుతుంది, ఏ మెకానిక్కూ వాటికి కొత్త కాదు. ఐదడుగుల రోటవేటర్‌ను (తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసే పనిముట్టు) ఇబ్బంది లేకుండా తిప్పుతాయి. ఆరడుగులదైతే 45 హెచ్‌పీ దాటాలి; 24 హెచ్‌పీకి నాలుగడుగులు మించొద్దు. మెట్ట కాబట్టి రెండు చక్రాలు లాగే బండి చాలనుకున్నాను. కూరగాయ సాళ్ల మధ్య కలుపుకు మాత్రం ఈ సైజు బండి పోదు, దానికి పవర్ వీడర్ వేరే ఉండాల్సిందే.

అమ్మేవాళ్లు మొదట చెప్పేది మోడల్ సంవత్సరం. నేను మొదట చూసింది ఆ బండి ఏం పని చేసిందని. వరి దమ్ముకు (నాటుకు ముందు నీళ్లలో బురద దున్నకానికి) తిరిగిన బండి ఏడాదికి కొన్ని వారాలు బురద నీళ్లలోనే మునిగి ఉంటుంది. వెనక యాక్సిల్ ఆయిల్ సీళ్లు పోయి నీళ్లు లోపలికి చేరతాయి, ఆ తర్వాత బ్రేకులు, బేరింగులు పోతాయి. వెనక చక్రం లోపలి వైపు వేలుపెట్టి చూస్తే ఆయిల్ జిడ్డు తగులుతుంది, రిమ్ము అంచుల్లో తుప్పు పొరలుగా లేస్తుంది. కొత్త రంగు వేసినా ఈ రెండూ దాగవు. ఇసుక, ఇటుక తోలిన బండి ఇంకోరకం. రోడ్డు మీద తిరిగి టైరు గుబ్బలు నడిమధ్య అరిగిపోతాయి, ట్రాలీ తగిలించే హుక్కు రంధ్రం గుండ్రం పోయి కోలగా సాగుతుంది. అలాంటి బండికి క్లచ్ ప్లేటు, బ్రేకులు, గేరుబాక్సు మీద ఖర్చు తప్పదు. మెట్ట దుక్కి మాత్రమే చేసిన బండి నాలుగైదేళ్లు పాతదైనా సరే, దానికే నా ఓటు. గంటల మీటరును నేను లెక్కలోకి తీసుకోలేదు, కేబుల్ ఊడదీస్తే అది ఆగిపోతుంది. క్లచ్ పెడల్ అరుగుదల, వెనక పనిముట్లు తగిలించే కింది లింకుల బాల్ రంధ్రాల సాగుడు అంతకన్నా నిజం చెబుతాయి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. వెళ్లగానే సైలెన్సర్ మొదలు దగ్గర చేయి పెట్టి చూడండి; అప్పటికే వేడిగా ఉంటే సాయంత్రం మళ్లీ రండి. బలహీనమైన ఇంజన్ వేడెక్కాక బాగానే అందుకుంటుంది, చల్లగా ఉన్నప్పుడే దాని సత్తా బయటపడుతుంది. మొదట్లో కాస్త తెల్ల పొగ మామూలే. వేడెక్కినా ఆగకపోతే ఇంజెక్టర్లు గానీ కంప్రెషన్ గానీ చూడాలి. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోందని. బరువు మీద నల్ల పొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడాలి, చాలాసార్లు ఖర్చు అక్కడితోనే తీరుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. గుప్పుగుప్పున గాలి తన్నుకొస్తే రింగులు, లైనర్లు అరిగాయి, ఇంజన్ బోరుకొచ్చినట్టే, అంటే విప్పి పెద్ద రిపేరు చేయించాల్సిందే. రేడియేటర్ నీళ్ల మీద ఆయిల్ తేలినా, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ టీ రంగులో నురగగా ఉన్నా ఆ బండి వదిలేయడమే మేలు.

ఖాళీ బండిని రోడ్డు మీద నడిపితే ఏమీ తెలియదు. రోటవేటర్ తగిలించి లిఫ్ట్ (వెనక పనిముట్టును ఎత్తే హైడ్రాలిక్ చేతులు) పైకెత్తి ఇంజన్ ఆపండి. నిమిషాల్లోనే కిందికి దిగిపోతే హైడ్రాలిక్ సిలిండర్ రబ్బర్లు గానీ వాల్వు గానీ లీకవుతున్నాయి. ఇంజన్ నడుస్తుండగా లిఫ్ట్ కొద్దికొద్దిగా దిగి మళ్లీ ఎగురుతుంటే అదే జబ్బు. గొర్రు వేసి పొలంలో దున్నించాలి. బరువు మీదనే గేరు జారడం కనిపిస్తుంది. క్లచ్‌కు ఒక పరీక్ష: చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, రెండు బ్రేకులూ తొక్కి, పెద్ద గేరులో క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజన్ ఆగిపోతే ప్లేటు బాగుంది, నడుస్తూనే ఉంటే జారుతోంది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి ఊపితే కింగ్‌పిన్ బుష్ (ముందు చక్రం మళ్లే ఇరుసు దగ్గరి బుష్), హబ్ బేరింగ్ వదులు చేతికే తెలుస్తుంది. ఇవి చిన్న ఖర్చులే, బేరంలో తగ్గించుకోవచ్చు. వెనక టైర్లు మాత్రం చిన్న ఖర్చు కాదు. పక్కగోడల పగుళ్లు చూసి, కొత్త జత ధర దుకాణంలో కనుక్కున్నాకే మాట ఇవ్వాలి.

కాగితాల విషయంలో మొహమాటం పనికిరాదు. ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రం) ఛాసిస్, ఇంజన్ నంబర్లను బండి మీద చెక్కినవాటితో అంకె అంకెకూ పోల్చాను. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫైనాన్స్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ గడువు కనిపిస్తాయి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అప్పు తీరిందని చూపే ఫారం 35 చేతికొచ్చేదాకా బయానా మించి ఇవ్వొద్దు. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవారి సంతకాలు తప్పనిసరి. వేరే రాష్ట్రం బండికి అక్కడి రవాణా శాఖ ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ కూడా కావాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపై ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ట్రాలీకి విడిగా నంబరు, విడిగా ఆర్‌సీ ఉంటాయి. బండితో పాటు ఇస్తామంటే ఆ కాగితాలూ అడగాలి.

ఇంటికి రాగానే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లతో పాటు గేరుబాక్సు ఆయిల్ కూడా దింపించాను. గేరుబాక్సుకూ హైడ్రాలిక్‌కూ ఒకటే ఆయిల్ ఉండే మోడళ్లలో అది పదుల లీటర్లు పడుతుంది, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. దింపిన ఆయిల్‌ను తెల్ల గుడ్డ మీద పోసి చూడాలి. సన్నటి మెరుపు పొడి అరుగుదలే, ఇనుప పెళ్లలు కనిపిస్తే గేరు పన్ను విరిగినట్టు; సీజన్ మొదలయ్యేలోపే గేరుబాక్సు విప్పించాలి.