నాన్న ఫోనులో అత్తయ్య గొంతు

నాన్న పోయిన నాలుగో నెలలో ఆయన ఫోను నా చేతికి వచ్చింది. బ్యాంకు ఓటీపీలు ఇంకా ఆ నంబరుకే వస్తున్నాయని అమ్మ దానికి రీచార్జి చేయిస్తూనే ఉంది. మెమరీ నిండిపోయిందని పూటకోసారి హెచ్చరిక వస్తుంటే, పాత ఫోటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించి కాస్త ఖాళీ చేద్దామని కూర్చున్నాను. ఫోటోలు మూడు వందలు కూడా లేవు. ఉన్నవన్నీ కాల్ రికార్డింగులు. 6,212 ఫైళ్లు. ఒక్కోదాని మీద మనిషి పేరు, తేదీ, గంట, నిమిషం.

నాన్న గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఒక్క ఏళ్లు కమీషన్ దుకాణం నడిపారు. యార్డులో దిగిన సరుకుకు కాటా ఉంటుంది, చీటీ ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు సంగతి వేరు. కొనేవాడు శాంపిల్ చూసి వెళతాడు, సాయంత్రం ఫోను చేసి ధర ఖాయం చేస్తాడు. ఆ మాట మీదే లారీ కదులుతుంది. 2019లో ఒక వ్యాపారి 120 టిక్కీల, అంటే బస్తాల, తేజ రకం మిర్చికి ధర ఒప్పుకొని, నాలుగు రోజుల్లో మార్కెట్ పడిపోయేసరికి "నేను ఆ రేటు అనలేదు" అన్నాడు. రైతుకు తేడా సొమ్ము నాన్నే కట్టారు. ఆ వారంలోనే దుకాణం గుమస్తా ఆయన ఫోనులో ప్రతి కాలూ దానంతట అదే రికార్డయ్యేలా పెట్టాడు.

నాన్నను తప్పుపట్టలేను. నోటిమాట మీద వ్యాపారం చేసే మనిషి ఆ మాటకు రుజువు ఉంచుకోవాలనుకోవడం న్యాయమే. కానీ ఆ ఫోనుకు వ్యాపారి ఎవరో, తోడబుట్టినది ఎవరో తెలియదు. ఎవరు పలికినా రాసుకుంటూ పోయింది. ఒకసారి పెట్టిన ఆ ఏర్పాటును ఆరేళ్లలో ఎవరూ తీసేయలేదు.

మొదట నా పేరున్న ఫైలు తెరిచాను. 2021 నవంబరు, 41 సెకన్లు. వెనక యార్డు మైకులో ఎవరినో పిలుస్తున్నారు. "తిన్నావా అమ్మా?" "తిన్నాను నాన్నా, క్లాసు ఉంది, తర్వాత చేస్తాను." "సరే అమ్మా, సరే." అంతే. దాన్ని ఆ రాత్రి ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది చెప్పే హక్కు నాకు ఉండదు: ఆ రికార్డింగులు ఉన్నందుకు ఆ రాత్రి నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

తర్వాత అత్తయ్య పేరు కనిపించింది. నాన్న చెల్లెలు, చిలకలూరిపేటలో ఉంటుంది. ఆమె పేరు మీద 388 ఫైళ్లు. రెండు విన్నాను. మామిడికాయల ధర, మోకాళ్ల నొప్పి, మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి. మూడోది ఫోను ఎత్తగానే "అన్నయ్యా, ఒక్క నిమిషం" అంది. చెప్పుల చప్పుడు. తలుపు దగ్గరికి వేసిన చప్పుడు. ఆ వెంటనే గొళ్లెం. పాత తలుపుకు ఉండే ఇనుప గొళ్లెం, పైకి ఎత్తి కొక్కెంలోకి జరిపినప్పుడు కిర్రుమని రాసుకుని, చివర్లో టక్కున పడుతుంది. దూరంగా కుక్కర్ ఈల వేస్తోంది. అప్పుడు గొంతు బాగా తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది.

ఏం మాట్లాడిందో ఇక్కడ రాయను. సగంలో ఆపేశాను, కానీ ఆ సగం విన్నానన్నది నిజం.

ఇంట్లో వాళ్లకు కూడా వినపడకూడదని గొళ్లెం పెట్టుకుని అన్నయ్యకు చెప్పుకున్న కష్టం అది. అదే క్షణంలో గుంటూరులో ఒక ఫైలుగా తయారై కూర్చుంది. అత్తయ్యకు తెలియదు. నాన్నకు కూడా గుర్తుండి ఉండదు, ఆయన ఆ ఫోల్డర్ తెరిచిన జాడే లేదు. మాటల్లో సగం ఆమెవి. ఆమెను ఎవరూ అడగలేదు.

ఇప్పటి ఫోన్లలో పరిస్థితి కొంత మారింది. కాల్స్ చేసుకోవడానికి గూగుల్ యాప్, అంటే గూగుల్ డయలర్ ఉన్న ఫోనులో రికార్డింగు మొదలుపెడితే ఆ సంగతి ఇద్దరికీ వినపడేలా చెబుతుంది. ఐఫోనులో 2024 అక్టోబరులో ఈ సదుపాయం వచ్చినప్పుడు అదీ అలాగే చెప్పేలా పెట్టారు. కాల్స్ రికార్డు చేసే బయటి యాప్‌లకు 2022 మే 11 నుంచి గూగుల్ తన ప్లే స్టోర్‌లో దారి మూసింది. అయితే ఫోను తయారుచేసినవాళ్లు ముందే పెట్టి ఇచ్చిన డయలర్లకు ఆ నిబంధన వర్తించదు. నాన్న ఫోనులో ఉన్నది అలాంటిదే, చడీచప్పుడు లేకుండా రికార్డు చేసేది. మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోను ఒకసారి తీసుకుని డయలర్ సెట్టింగులలో కాల్ రికార్డింగు అన్నచోట ఏముందో చూడండి. ఇవాళే చూడండి.

కాలిఫోర్నియాలో ఉన్న తమ్ముడికి ఫైళ్లన్నీ పంపాను. అత్తయ్యవి తీసి పంపాలన్న ఆలోచన అప్పుడు రాలేదు, అది నా తప్పు. వాడు రెండు రోజుల్లో అన్నింటినీ ఒక ప్రోగ్రాముతో అక్షరాల్లోకి మార్చాడు. తెలుగు మాటలు, తప్పులతోనే అయినా, చదివితే అర్థమయ్యేలా వచ్చాయి. "అక్కా, ఏ మాట కావాలన్నా వెతుక్కోవచ్చు" అని వీడియో కాల్‌లో చూపించాడు. నాన్న ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో తేల్చుకోవడానికి "అప్పు" అని కొట్టాడు. తెర నిండా వరుసలు. మా లెక్కలు ఉన్నాయి. వాటి మధ్యలో ఎవరెవరివో ఇళ్ల సంగతులు ఉన్నాయి. ఫలానా రైతు కూతురి నగలు ఎక్కడ కుదువ పెట్టాడో ఉంది. ఒకాయన తన అన్న గురించి అన్న మాట ఉంది.

నాకు భయం వేసింది అప్పుడే. వెనకటికి క్యాసెట్టులో రికార్డు చేసినా, వినడానికి ఎవరో గంటల తరబడి కూర్చోవాలి. 6,212 కాల్స్ వినే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి, వాటిలోని రహస్యాలు ఒక రకంగా దాగే ఉండేవి. ఇప్పుడు ఒక్క మాట కొడితే ఆరేళ్ల మాటల్లోంచి కావలసిన ముక్క పైకి తేలుతుంది. పైగా ఇంకో ప్రతి క్లౌడ్ ఖాతాలో ఉందని తర్వాత తెలిసింది. ఆ ఖాతా తెరిచిపెట్టిందీ గుమస్తానే, పాస్‌వర్డు అతనికి తెలుసు. మంచివాడు, అడగ్గానే చెప్పాడు. కానీ అతను మంచివాడు కావడం మా అదృష్టం.

సంవత్సరీకానికి నాన్న గొంతుతో నాలుగు మాటలు పలికించవచ్చని, దానికి ఈ రికార్డింగులు చాలని తమ్ముడు అన్నాడు. వద్దన్నాను. నాన్న అనని మాట నాన్న గొంతులో వినలేను. దాని మీద ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. చివరికి వాడే అన్నాడు, తను ఉండే రాష్ట్రంలో ఆంతరంగికంగా మాట్లాడుకున్న మాటలను అందరి సమ్మతి లేకుండా రికార్డు చేయడమే నేరమని.

మన దగ్గర ఏమిటని నాతో చదువుకున్న లాయరును అడిగాను. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అంతకు పదేళ్ల ముందే, భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన మాటలను భర్త రహస్యంగా రికార్డు చేసి కోర్టుకు తెస్తే, అది ఆమె గోప్యతకు భంగమని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో తీర్పు ఇచ్చింది. ఇటీవల 2025 జూలై 14న మాత్రం, భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన మాటలను వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు అంది. ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, మనుషులు తమ సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారం జోలికి రాదు. కోర్టులు చూసేది కోర్టు దాకా వచ్చిన మాటలను. అత్తయ్య మాటలు ఏ కోర్టుకూ వెళ్లవు. వాటి సంగతి మేమే చూడాలి.

ఫోను తీసుకుని ఆదివారం చిలకలూరిపేట వెళ్లాను. జరిగింది దాచకుండా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చీర కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత ఒకటే అడిగింది.

"ఎవరెవరు విన్నారు?"

"నేను రెండు పూర్తిగా, ఒకటి సగం విన్నాను, అత్తయ్యా. తమ్ముడు కంప్యూటర్‌లో అక్షరాల్లోకి మార్చాడు కానీ నీవి చదవలేదన్నాడు. నిన్న నేను చూస్తుండగానే అన్నీ చెరిపేశాడు. క్లౌడ్‌లోవి నేను తీసేశాను. ఇక ఈ ఫోనులో ఉన్నవే."

"ఆ సగం ఏది?"

తేదీ చెప్పాను. తల ఊపింది. నా మీద కోపం తెచ్చుకుంటుందేమో అనుకున్నాను, తెచ్చుకోలేదు. "మీ నాన్నకు తెలియక జరిగింది లేమ్మా" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. ఫైలు ఎలా తెరవాలో, ఎలా చెరపాలో రెండుసార్లు చూపించాను. మూడోసారి తనే చేసింది. చెరిపినవి చెత్తబుట్టలో ముప్పై రోజులు ఉంటాయని, అక్కడి నుంచి కూడా తీయాలని చెప్పాను. ఫోను తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. సాయంత్రం బస్సుకు నేను బయలుదేరేటప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎన్ని ఉంచుకుందో, ఎన్ని తీసేసిందో అడగలేదు. తనవన్నీ చూసుకున్నాక ఫోను పంపిస్తానంది.

మిగతావాళ్ల పేర్లు, నంబర్లు ఒక పుస్తకంలో రాసుకున్నాను. ఎక్కువ కాల్స్ ఉన్నవాళ్లకు రోజుకు ఇద్దరికి చొప్పున ఫోను చేస్తున్నాను. చాలామంది తీసేయమన్నారు. ఒకాయన అర్థం కాక రెండుసార్లు చెప్పించుకుని, కంగారుపడి, తర్వాత తేరుకున్నాడు. వినుకొండ దగ్గరి రైతు ఒకాయన మాత్రం, "మా పిల్ల పెళ్లికి సరుకు రాకముందే డబ్బు సర్దుతానని మీ నాన్నగారు చెప్పిన మాట అందులో ఉంటుందమ్మా, 2022 మాఘమాసంలో. మిగతావన్నీ తీసేసి అదొక్కటి నాకు పంపండి" అన్నారు. నిన్న అత్తయ్య దగ్గరి నుంచి ఫోను రాగానే వెతికి పంపాను. రెండు నిమిషాల పది సెకన్లు ఉంది. ఇంకా నలభై మందికి పైగా ఉన్నారు.