ముడుమాల్ నుంచి పుట్టి మీద, వాలుగల వెంట

కృష్ణలో చేపల వేట అనగానే చాలామంది జూరాల గేట్ల కింద వలలు విసిరేవాళ్ల గురించే మాట్లాడతారు. నాకు మాత్రం దానికి ఎగువన, నారాయణపేట జిల్లాలోని ముడుమాల్ నుంచి పంచదేవ్‌పహాడ్ వైపు సాగే నీళ్లంటేనే ప్రాణం. తంగిడి దగ్గర భీమ వచ్చి కలిశాక నది వెడల్పయి, నింపాదిగా పారుతుంది. నేల చదును, అందుకే ఆకాశం మొత్తం కనబడుతుంది. వెనక్కి తిరిగితే శక్తినగర్ థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు. ఒడ్డున ఆదిమ కాలపు మనుషులు నిలబెట్టిన ముడుమాల్ నిలువురాళ్లు. యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరినప్పటి నుంచి, అంటే 2025 నుంచి, వాటిని చూడటానికి వచ్చేవాళ్లు పెరిగారు. నదిని చూడటానికి ఆగేవాళ్లు తక్కువ.

నన్ను తీసుకెళ్లేది నా స్నేహితుడి బాపు. బెస్తాయన, నేను కాకా అని పిలుస్తాను. పొద్దుగూకక ముందే గాలాల తాళ్లు వేసి వస్తాడు. పొడుగాటి నైలాన్ తాడు, దానికి బారెడుకొక చిన్న తాడు, కొసన గాలం. ఒక చివర బండకు కడతాడు, ఇంకో చివర బరువు వేస్తాడు. జెల్లలకు వానపాములు, వాలుగలకు బతికున్న చిన్న చేపలు. ఆ చిన్న చేప వీపు తోలులోంచి మాత్రమే గాలం దూర్చాలి, లోపలికి పోకూడదు. కదిలే ఎర మీదికే వాలుగ తొందరగా వస్తుందని మా కాక నమ్మకం. అది రాత్రి పూట వేటాడే చేప కాబట్టి మన పని తెల్లవారాకే.

తెల్లారగానే పుట్టి, అంటే గుండ్రటి పడవ ఎక్కి, పైనుంచి కిందికి ఒక్కో తాడూ చూసుకుంటూ పోతాం. వెదురు బద్దలతో అల్లిన పుట్టికి ఒకప్పుడు బర్రె తోలు కప్పేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తున్నారు. తెడ్డు ఒక పక్కనే వేస్తే గిరగిరా తిరుగుతుంది. ముందు నుంచి నీళ్లను మన వైపు లాక్కుంటూ నడపాలి. కాక అది కూడా ఎక్కువ చేయడు.

"ఊకె తెడ్డు ఎయ్యకు బిడ్డా. నురుగు ఏడ ఆగుతుందో సూడు. చేప ఆడనే ఉంటది."

నిజమే. మనం బలంగా తెడ్డు వేస్తే మన అలలే తప్ప నది నడక తెలియదు. ఊరికే వదిలేస్తే పుట్టి ఎక్కడ పరుగెత్తుతుందో, ఏ బండ వెనక మెల్లబడి తిరుగుతుందో ఒంటికే తెలుస్తుంది. వేగంగా పోయే నీళ్లు, నిదానంగా తిరిగే నీళ్లు కలిసే ఆ అంచులోనే వాలుగ కాచుకుని ఉంటుంది. ప్రవాహంతో పోరాడి బలం ఖర్చు చేయదు, కొట్టుకొచ్చే చిన్న చేపను అందుకుంటుంది. కాక మర్నాడు తాడు వేసే చోటు ఇలా తేలుతూ పోతున్నప్పుడే ఎంచుకుంటాడు.

తాడు ఎత్తగానే బరువు తెలిస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. పొలుసుల్లేని వెండి ఒళ్లు, పొడుగాటి మీసాలు, కంటిని దాటిపోయే నోరు. దాని పళ్లకు వేలు ఇవ్వకూడదు. జెల్లయితే ముందు వీపు మీది ముల్లు, రెండు పక్కల ముళ్లు విరిచేయాలి. గుచ్చుకుంటే పూటంతా సలుపుతుంది.

హైదరాబాద్‌లో ఈ చేపల మాటెత్తితే "నిషేధించిన క్యాట్‌ఫిష్ కదా" అంటారు. నిషేధించింది వేరే, ఆఫ్రికా నుంచి వచ్చిన చేపను. అది గాలి కూడా పీల్చుకోగలదు కాబట్టి మురికి గుంటల్లో, కోళ్ల వ్యర్థాలు వేసి దొంగతనంగా పెంచుతారు. దాని వల్ల మన కృష్ణ వాలుగకు చెడ్డపేరు రావడం చూస్తే నాకు కడుపు మండుతుంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్రజాబితాలో ముప్పున్న చేపల్లో వాలుగ కూడా ఉంది. ఇంకో బాధ మృగశిర కార్తె. జూన్ 8 వచ్చిందంటే మన ఇళ్లలో చేప ఉడకాల్సిందే, సరిగ్గా అప్పుడే వాలుగ గుడ్లతో ఉంటుంది. ఆ రోజు చెరువుల్లో పెంచిన బొచ్చెలు, రవ్వులు తెచ్చుకుందాం. కాక అయితే తొలి వానల్లో వాలుగ తాళ్లే వేయడు. గుడ్ల చేప పడితే గాలం తీసి వదిలేస్తాడు. ఆ రోజు అమ్మకం పోయినా సరే.

పోవాలనుకునేవాళ్లు దసరా దాటాక పోండి, అప్పటికి ఎర్రనీళ్లు తేటబడతాయి. పైన నారాయణపూర్ డ్యాం గేట్లు ఎత్తారని తెలిస్తే కాక అస్సలు దిగడు, మీరూ దిగకండి. లైఫ్ జాకెట్ తప్పనిసరి. మొసళ్లున్నాయి, నీళ్లలో చేతులు వేలాడేయొద్దు. పంచదేవ్‌పహాడ్‌లో కురువపురం పోయే భక్తుల రేవు దగ్గరే మేం దిగుతాం. పుట్టిలో అంత దూరం ఎదురెక్కడం కుదరదు కాబట్టి దాన్ని బోర్లించి ట్రాలీ ఆటోలో వేసుకుని వెనక్కి రావాలి. ఆటోకు ముందు రోజే చెప్పి పెట్టుకోండి, ఆ రేవులో అడగ్గానే బండి దొరకదు.