ముందు కుండీ మీద చెయ్యి పెట్టి చూడండి

ఇంట్లో పెంచే మొక్కలకి ఎంత ఉష్ణోగ్రత ఉండాలని ఎక్కడ వెతికినా 18 నుంచి 27 డిగ్రీలు అనే కనిపిస్తుంది. దాంతోపాటు చలికాలం కిటికీ దగ్గర పెట్టకండి, హీటర్‌కి దూరంగా ఉంచండి అని జాగ్రత్తలు. అవన్నీ మంచు పడే ఊళ్ళవాళ్ళ కష్టాలు. మన విశాఖలో గట్టిగా చలేసిన జనవరి తెల్లవారుజామున కూడా 15 కిందికి దిగడం అరుదు. మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, పీస్ లిల్లీ, అరెకా పామ్ అన్నీ ఉష్ణమండలం మొక్కలే, 10, 12 డిగ్రీల దాకా దిగితే గాని వాటికి చలి దెబ్బ తగలదు. చలి గురించి మనకి టెన్షన్ అక్కర్లేదు. పడాల్సిన టెన్షనంతా మార్చి నెలాఖరు నుంచి జూన్‌లో వానలు పడేదాకా. అదైనా బయట గాలి ఎంత వేడిగా ఉందన్న దాని కన్నా కుండీ లోపల మట్టి ఎంత వేడెక్కిందన్న దాని గురించే ఎక్కువ పడాలి.

వాతావరణ శాఖ మన ఊరికి రెండు అంకెలు ఇస్తుంది, వాల్తేరుది ఒకటి, ఎయిర్‌పోర్టుది ఒకటి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో చాలాసార్లు ఎయిర్‌పోర్టు అంకే ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే వాల్తేరుకి సముద్రం గాలి బాగా తగులుతుంది. ఒక్క ఊళ్ళోనే అలా ఉంటే ఒకే ఫ్లాట్‌లో తూర్పు కిటికీకీ పడమటి బాల్కనీకీ ఎంత తేడా ఉంటుందో చూసుకోండి. ఫోన్‌లో 34 అని కనిపించేది నీడలో, గాలి ఆడేచోట కొలిచిన లెక్క. బాల్కనీ టైల్స్ మీద ఎండ నేరుగా పడే నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి 45 కూడా దాటగలదు. 38 దాటేసరికే చాలా మొక్కల వేళ్ళు ఎదగడం మానుకుంటాయి, ఇంకా పెరిగితే వేళ్ళ చివర్లు చచ్చిపోతాయి. ఆకు అయితే నీటిని ఆవిరిగా వదిలి తనని తాను చల్లబరచుకుంటుంది, మట్టిలో ఉన్న వేరుకి ఆ దారి లేదు. పైగా మన తీరంలో గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి ఆకుకి కూడా చెమట సరిగ్గా ఆరదు, మనకి లాగే.

అందుకే మధ్యాహ్నం రెండింటికి ఆకులు వేలాడేసి కనిపిస్తాయి, అది చూడగానే ఎవరికైనా నీళ్ళు చాలలేదనే అనిపిస్తుంది. మా పిన్ని ఎండాకాలం మా ఇంటికి ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే అంటుంది, "ఏటే, మొక్కకి నీళ్ళు పొయ్యలేదేటి, తల వేలాడేసింది" అని. ఆవిడ ప్రేమతోనే అంటుంది, కానీ అప్పుడు చెయ్యాల్సింది మట్టిలోకి వేలు పెట్టి చూడటం. రెండు అంగుళాల లోపల తడి ఉంటే నీళ్ళ లోటు లేదన్నమాట, వేళ్ళు వేడికి నీళ్ళు తోడలేకపోతున్నాయి. అలాంటప్పుడు ఇంకా పోస్తే వేడి మట్టిలో గాలి ఆడక వేళ్ళు కుళ్ళుతాయి. మొక్కని నీడకి జరపండి, సాయంత్రానికి అదే లేచి నిలబడుతుంది. తెల్లారేసరికి కూడా వాడిపోయే ఉంటే అప్పుడు నిజంగా ఏదో తేడా ఉన్నట్టు.

నీళ్ళ దగ్గర ఇంకో మాట. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్ళు చేతికి తగిలితే చురుక్కుమంటాయి, అవే తీసుకెళ్ళి మొక్కకి పోస్తే వేళ్ళకి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రాత్రే బకెట్లో పట్టి ఉంచుకుని పొద్దున్నే ఆరింటికల్లా పోసెయ్యండి.

కుండీల విషయంలో నేను మట్టి కుండీల పక్షమే. గోడలోంచి తేమ బయటికి వచ్చి ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి లోపల చల్లగా ఉంటుంది, సముద్రం గాలి తగిలే బాల్కనీలో ఇంకా బాగా పనిచేస్తుంది. కాకపోతే త్వరగా ఆరుతుంది, రోజూ చూసుకోవాలి. ప్లాస్టిక్ కుండీలు ఉన్నవాళ్ళు అన్నీ మార్చెయ్యక్కర్లేదు. దాన్ని ఇంకో పెద్ద కుండీలో దించి మధ్య ఖాళీలో కొబ్బరి పీచు కూరితే చాలు, లేదా చుట్టూ తడిపిన గోనె సంచి చుట్టండి. టైల్స్‌కి తగలకుండా కింద రెండు ఇటుకలు పెట్టండి. పడమటి గోడకి ఆనించి మాత్రం పెట్టకండి, పగలంతా తాగిన వేడిని ఆ గోడ అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ గాలి కొట్టే చోటైతే ఎంత మొండి మొక్క అయినా ఆకులు మాడ్చుకుంటుంది, అక్కడ ఏమీ పెట్టకపోవడమే మంచిది.

ఉత్తరం బాల్కనీ ఉన్నవాళ్ళు మాకు ఎండే రాదని ధీమాగా ఉంటారు. అది ఏడాదిలో తొమ్మిది నెలల మాట. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారం నుంచి జులై చివరి దాకా సూర్యుడు మధ్యాహ్నం మన నడినెత్తికి ఉత్తరం వైపుగా వెళ్తాడు. సరిగ్గా రోహిణి కార్తె కూడా అందులోనే పడుతుంది. ఆ రోజుల్లో పడమటి గాలి గట్టిగా వీచి సముద్రం గాలిని రానివ్వకపోతే ఊరు మండిపోతుంది, అదే వారంలో ఉత్తరం బాల్కనీలో నీడకి అలవాటు పడ్డ మొక్క మీద పొద్దునా సాయంత్రమూ ఎండ పడుతుంది. ఒక గ్రీన్ నెట్ ముక్క కట్టుకోండి.

రాత్రి సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ నాకు అదే అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. పగలు ఆకు తయారు చేసుకున్న చక్కెరని రాత్రి మొక్క కొంత ఖర్చు పెడుతుంది, వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది. మన మే నెల రాత్రులు 27, 28 దగ్గరే ఆగిపోతాయి, అప్పుడు మొక్క ఎదగడం ఆపిందంటే ఎరువు వేసి తోలకండి, వదిలెయ్యండి. ఎచెవేరియా (దళసరి ఆకులు పువ్వులా పేర్చినట్టుండే చిన్న మొక్క) లాంటి చల్లని రాత్రుల మొక్కలు నర్సరీలో ముద్దుగా కనిపిస్తాయి, మన ఉక్క రాత్రులకి మొదలు దగ్గర్నుంచి కుళ్ళిపోతాయి. అంత ఇష్టమైతే ఏసీ గదిలో కిటికీ పక్కన పెట్టుకోండి. ఏసీ 24 చాలా మొక్కలకి హాయే, గాలి నేరుగా తగలకపోతే చాలు. కలాథియా, ఫెర్న్ లాంటివి మాత్రం ఆ పొడిగాలికి ఆకు అంచులు ఎండబెట్టుకుంటాయి. ఏసీ గదిలో పెరిగిన మొక్కని ఒకేసారి బాల్కనీలోకి తోసెయ్యకండి, ముఖ్యంగా ఫైకస్ ఆకులన్నీ రాల్చేస్తుంది.

ఫలనాప్సిస్ ఆర్కిడ్ కొనుక్కుని, మొదటి పూలు రాలాక మళ్ళీ పూయడం లేదని బాధపడేవాళ్ళు మన ఊళ్ళో చాలామందే ఉంటారు. ఎప్పుడూ 28 పైన ఉంటే అది ఆకులే వేస్తుంది, పూలకాడ రావాలంటే కొన్ని వారాల పాటు 25 లోపు చల్లదనం తగలాలి. డిసెంబరు, జనవరి రాత్రులు మనకి అది ఉచితంగా ఇస్తాయి, కానీ ఆ మొక్కని తలుపులన్నీ మూసిన హాల్లో టీవీ పక్కన పెడితే ఆ చల్లదనం దానికి అందదు. నవంబరు నెలాఖరు నుంచి తూర్పు కిటికీ తెరిచి అక్కడ ఉంచండి. కాడ కనిపించాక చోటు మార్చకండి, వేడి గదిలోకి తెస్తే మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి.