గేర్‌బాక్స్ ఆయిల్‌ని కణాలతో లెక్కగట్టేటప్పుడు

గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎటు చిమ్ముతుందో కంప్యూటర్‌లో మెష్‌తో, అంటే చోటంతటినీ చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, లెక్కగట్టడం పెద్ద తలనొప్పి. పళ్లు కదిలే కొద్దీ మెష్ నలిగిపోతుంది, మళ్లీ మళ్లీ కట్టాలి. ఎస్‌పీహెచ్ (స్మూత్డ్ పార్టికల్ హైడ్రోడైనమిక్స్) పద్ధతిలో ఆ బాధ లేదు. ఆయిల్‌ని కణాలుగా పోసేస్తాం, ఒక్కో కణం తన చుట్టూ ఉన్నవాటిని చూసుకుని కదులుతుంది. 1977లో నక్షత్రాల లెక్కల కోసం పుట్టిన పద్ధతి ఇది. ఇక్కడ జాగ్రత్తంతా రెండు అంకెల మీద: కణాల మధ్య ఎడం, లెక్కలో ఆయిల్‌కి మనం పెట్టే ధ్వని వేగం.

64 మి.మీ. వ్యాసమున్న గేరు 3000 ఆర్‌పీఎంతో తిరుగుతోందనుకుందాం. అంచు వేగం సెకనుకు 10 మీటర్లు. ధ్వని వేగం దానికి పది రెట్లు, అంటే 100 పెడతాం. అప్పుడు ఆయిల్ నొక్కుకుపోయి వచ్చే సాంద్రత తేడా 1 శాతం దగ్గర ఆగుతుంది. ఆయిల్‌లో అసలు ధ్వని వేగం ఇంతకు పది రెట్ల పైమాటే, కానీ అది పెడితే టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకెళ్లే కాలం) మరీ చిన్నదైపోతుంది. ఎడం 1 మి.మీ., స్మూతింగ్ లెంగ్త్ (కణం చుట్టూ ఎంత దూరం చూడాలో తేల్చే కొలత) 1.3 మి.మీ., కూరంట్ సంఖ్య (స్టెప్ హద్దు దాటకుండా పెట్టే గుణకం) 0.25 అయితే స్టెప్ దాదాపు 3 మైక్రోసెకన్లు. గేరు ఒక్క చుట్టుకే సుమారు 6,800 స్టెప్‌లు. లీటరు ఆయిల్‌కి 10 లక్షల కణాలు. ఎడం సగం చేస్తే పని 16 రెట్లు.

గేరు తిప్పే ముందు ఆయిల్‌ని కదలకుండా ఉంచి ఒకసారి నడపండి. ఇది మాత్రం వదలొద్దు. 50 మి.మీ. లోతు, సాంద్రత ఘనపు మీటరుకు 850 కిలోలు అయితే అడుగున 417 పాస్కల్స్ రావాలి. సాంద్రత తేడాని ధ్వని వేగం వర్గంతో గుణిస్తేనే ఒత్తిడి వస్తుంది కాబట్టి, ఒక కణం సాంద్రత 0.01 శాతం తప్పినా 850 పాస్కల్స్ తేడా! రావాల్సిన దానికి రెట్టింపు. రంగుల బొమ్మలో చుక్కలు చుక్కలుగా కనిపించే ఒత్తిడికి మూలం ఇదే. డెల్టా-ఎస్‌పీహెచ్ అనే రకంలో, పక్క పక్క కణాల సాంద్రత తేడాల్ని సర్దే డిఫ్యూజన్ గుణకాన్ని 0.1 దగ్గర పెడితే చాలావరకు అణుగుతుంది.

గోడలకు కనీసం మూడు వరుసల కణాలు కావాలి, ఎందుకంటే క్యూబిక్ స్ప్లైన్ కెర్నల్ (పక్క కణాలకు దూరాన్ని బట్టి బరువిచ్చే సూత్రం) స్మూతింగ్ లెంగ్త్‌కి రెండింతలు, అంటే 2.6 మి.మీ. దాకా చూస్తుంది. తగ్గితే ఆయిల్ కారిపోతుంది. పంటి కొస అంతకన్నా పలచగా ఉంటే ఇంకో చిక్కు: అటువైపు ఆయిల్ లోహంలోంచే ఇటువైపు ఆయిల్‌ని తోస్తుంది. పళ్లు కలిసేచోట సందు ఎడం కన్నా ఇరుకైతే ఇరుక్కున్న కణం తూటాలా బయటికి దూసుకొస్తుంది. గరిష్ఠ వేగం గ్రాఫ్ చూస్తూ ఉంటే వెంటనే దొరుకుతుంది.

ఏ బేరింగ్‌కి ఆయిల్ అందుతోంది, ఏది ఎండుతోంది అన్నది 1 మి.మీ. కణాలతోనూ బాగానే తెలుస్తుంది. ఆయిల్‌ని చిలకడానికి పోయే టార్క్ అలా కాదు. పంటి మీద 0.1 మి.మీ. పొరని ఈ కణాలు చూడలేవు. 0.5 మి.మీ.తో మళ్లీ నడిపి, టార్క్ మారకపోతేనే ఆ అంకె రిపోర్టులో రాయండి.