లంగరు గొలుసుకు అతుకు: ముందు పిచ్, తర్వాత చోటు, ఆఖరున లింకు

యాట్ మీద 30 మీటర్ల గొలుసు ఉంది, ఇంకో 30 కలపాలి. ఇలా అనుకున్న వాళ్లు మొదట వెతికేది కలిపే లింకు కోసం. నిజానికి లింకు మూడో ప్రశ్న. రెండు గొలుసుల పిచ్, అంటే ఒక్కో లింకు లోపలి పొడవు, ఒకటేనా అన్నది మొదటిది. అతుకు గొలుసు మొత్తంలో ఎక్కడ పడుతుందన్నది రెండోది. ఈ రెండూ తేలకముందే లింకు కొని సుత్తి ఎత్తితే, ఆ తప్పు బయటపడేది గాలి పెరిగి లంగరు ఎత్తాల్సిన రాత్రి, విండ్లాస్ (గొలుసును లాగే యంత్రం) దగ్గరే.

ముందు ఎంత పొడవు కావాలో లెక్క చూద్దాం. లోతు 10 మీటర్లు, పోటుకు నీరు 2 మీటర్లు పెరుగుతుంది, నీటి మట్టం నుంచి బో రోలర్ (పడవ ముక్కు దగ్గర గొలుసు దొర్లే చక్రం) ఎత్తు 1.2 మీటర్లు. మొత్తం 13.2. మామూలుగా దానికి 5 రెట్ల గొలుసు వదలాలంటే 66 మీటర్లు, గాలి బలపడి 7 రెట్లు వదలాలంటే 92 మీటర్లు. చాలామంది రోలర్ ఎత్తును వదిలేస్తారు. 10 మీటర్ల లోతులో దానివల్ల పెద్ద తేడా రాదు. 3 మీటర్ల నీటిలో మాత్రం మొత్తం ఎత్తులో పావు వంతుకు మించి అదే ఉంటుంది.

బరువు కూడా చూడాలి. 8 మి.మీ. (కమ్మీ మందం) గొలుసు మీటరుకు సుమారు 1.4 కిలోలు, 10 మి.మీ. గొలుసు 2.3 కిలోలు తూగుతాయి. 30 మీటర్లు కలిపితే పడవ ముక్కు మీద 42 కిలోలో 69 కిలోలో అదనంగా పడతాయి. తేలికైన చిన్న పడవ ఆ బరువుకు అలల్లో ముక్కు దించుకుని నడుస్తుంది. అలాంటి పడవకు గొలుసు కాకుండా నైలాన్ తాడు కలపడమే మేలని నా గట్టి అభిప్రాయం. దాని సంగతి కింద చెబుతాను.

ఇక పిచ్. ఒక లింకు లోపలి పొడవే పిచ్. విండ్లాస్‌లో గొలుసును పట్టి తిప్పే గుంటల చక్రమే జిప్సీ, దాని గుంటలు పిచ్‌కు తగ్గట్టే చెక్కి ఉంటాయి. 8 మి.మీ. గొలుసుకు జర్మన్ డిఐఎన్ 766, అంతర్జాతీయ ఐఎస్ఓ 4565 ప్రమాణాలు రెండింటిలోనూ పిచ్ 24 మి.మీ.నే, కాబట్టి చిక్కు లేదు. 10 మి.మీ. దగ్గరే అసలు ఉచ్చు: డిఐఎన్‌లో 28, ఐఎస్ఓలో 30. రెండింటి మీదా "10 మి.మీ. లంగరు గొలుసు" అనే రాసి ఉంటుంది, పక్కపక్కన పెట్టినా కంటికి తేడా తెలియదు. అంగుళాల కొలతలో వచ్చే 5/16 జి4 (అమెరికా గ్రేడ్) గొలుసు 8 మి.మీ.కి దగ్గరగా కనిపిస్తుంది కానీ దాని పిచ్ దాదాపు 26. లింకుకు 2 మి.మీ. తేడా అంటే ఏముందిలే అనిపిస్తుంది. అయితే జిప్సీ ఒకేసారి నాలుగైదు లింకులను పట్టుకుంటుంది, తేడా కూడుతూ పోయి నాలుగో లింకు దగ్గర 8 మి.మీ. అవుతుంది. అప్పుడు లింకు గుంటలో కూర్చోకుండా అంచు మీదికి ఎక్కుతుంది. గొలుసు జారి, బరువుకు కిందికి పరుగెడుతుంది.

ఒక్క లింకును కొలిస్తే చాలదు. గొలుసును బిగువుగా లాగి పట్టి, 10 లింకులను ఈ చివరి బయటి అంచు నుంచి ఆ చివరి బయటి అంచు వరకు కొలవండి. వచ్చేది పది పిచ్‌లు, వాటికి తోడు రెండు కమ్మీల మందం. 8 మి.మీ.కి 256 మి.మీ. రావాలి. 10 మి.మీ. డిఐఎన్‌కు 300, ఐఎస్ఓకు 320 రావాలి. 20 మి.మీ. తేడా అయితే మామూలు టేపుకే దొరుకుతుంది. పాత గొలుసును మూడు చోట్ల కొలవండి. లింకులు ఒకదానితో ఒకటి రాసుకునే లోపలి వంపుల్లో అరుగుదల ఉంటే పిచ్ పెరిగి ఉంటుంది. అక్కడ కమ్మీ మందం 10 శాతం తగ్గిందంటే, అంటే 8 మి.మీ. కమ్మీ 7.2కి వచ్చిందంటే, ఆ గొలుసు అతుకు వేయడానికి పనికిరాదు. మార్చేయడమే.

గ్రేడ్ విషయం తేలిక. గ్రేడ్ 30 అంటే తెగే ముందు చదరపు మి.మీ.కి 300 న్యూటన్లు, గ్రేడ్ 40 అంటే 400. 8 మి.మీ. లింకుకు రెండు కాళ్ల వైశాల్యం కలిపి దాదాపు 100 చ.మి.మీ. కాబట్టి గ్రేడ్ 30 సుమారు 3 టన్నుల దగ్గర, గ్రేడ్ 40 సుమారు 4 టన్నుల దగ్గర తెగుతుంది. పిచ్ కుదిరితే రెండు గ్రేడ్లను కలపడంలో తప్పు లేదు, మొత్తం బలం మాత్రం తక్కువ గ్రేడ్‌దే. గ్రేడ్ 70 కొని మధ్యలో అతుకు లింకు వేస్తే ఎక్కువ పెట్టిన డబ్బు వృథా, ఆ బలానికి సరిపడే అతుకు లింకు (సి-లింకు) జిప్సీలో పట్టే సైజులో దొరకదు.

జిప్సీ మీద నడవగల అతుకు సి-లింకు ఒక్కటే. రెండు అర్ధభాగాలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, పిన్నులు అవతలి రంధ్రాల్లోకి దూరతాయి, వాటి తలలను రివెట్ చేస్తాం, అంటే సుత్తితో కొట్టి ఉబ్బించి బిగిస్తాం. మెత్తని ఉక్కు సి-లింకు బలం సాధారణంగా గొలుసు బలంలో సగం దగ్గరే. ఫోర్జ్ చేసి వేడిశుద్ధి చేసిన మిశ్రమ ఉక్కు లింకు దానికంటే చాలా మెరుగు. ఎంత బరువుకు తెగుతుందో చెప్పని లింకును కొనకండి. స్టెయిన్‌లెస్ సి-లింకు మెరుస్తుంది, తుప్పు పట్టదు, కానీ దాని పక్క లింకుల మీది జింకును ఉప్పునీటిలో అది త్వరగా తినేస్తుంది. తర్వాత తుప్పు పట్టేది ఆ లింకులే.

రివెట్ చేసే ముందు రెండు గొలుసులనూ మెలిక లేకుండా నేల మీద బారుగా పరచండి. మెలికతో కలిపితే ఆ తిప్పు లాకర్‌లోకీ (గొలుసు దాచే అర) జిప్సీలోకీ వస్తూనే ఉంటుంది. చివరి లింకులు రెండింటినీ ఒక అర్ధభాగంలోకి ఎక్కించి, రెండో అర్ధభాగం మూయండి. చేత్తో నొక్కితేనే సందు లేకుండా మూసుకోవాలి, లేకపోతే రంధ్రాల్లో పేరుకున్న జింకును గుండ్రటి ఆకురాయితో తీయండి. కింద దాగలి గానీ బరువైన ఉక్కు దిమ్మ గానీ ఉండాలి. చెక్క డెక్ మీద, కాంక్రీటు మీద చేస్తే దెబ్బలో సగం కింద పోతుంది, రివెట్ ఉబ్బదు, వంగుతుంది. బాల్ పీన్ సుత్తి గుండ్రటి వైపుతో పిన్ను తల అంచు చుట్టూ చిన్న చిన్న దెబ్బలు వేయండి, ఒక రివెట్ మీద నాలుగు, రెండో దాని మీద నాలుగు, మళ్లీ మొదటిది. ఆత్రపడి నాలుగు పెద్ద దెబ్బలతో ముగిస్తే తల అంచుల్లో పగుళ్లు వస్తాయి. పగులు కనిపిస్తే ఆ లింకు పారేయాలి. తేలిగ్గా అణగాలని టార్చితో వేడి చేయడం ఇంకా పెద్ద తప్పు, మిశ్రమ ఉక్కుకు వేడిశుద్ధితో వచ్చిన బలం దాంతోనే పోతుంది. తలలు చదునయ్యాక ఎగుడుదిగుళ్లను ఆకురాయితో సాపు చేసి, జింకు పెయింటు రెండు పూతలు వేయండి. సుత్తి దెబ్బకు అక్కడి అసలు పూత ఎలాగూ పోయి ఉంటుంది.

ఆ తర్వాత మోటారు ముట్టుకోకుండా, గొలుసును చేత్తో లాగుతూ అతుకును జిప్సీ మీదుగా రెండు వైపులకీ పదేసి సార్లు నడపండి. ఒకసారి లింకు గుంటలో పడుకునేలా, ఇంకోసారి గాడిలో నిలబడేలా చూడండి. రివెట్ తలలు ఉబ్బెత్తుగా ఉంటే గాడిలో నిలబడ్డప్పుడే ఇరుక్కుంటాయి.

షాకిల్‌తో (పిన్నుతో మూసే U ఆకారపు కడియం) గానీ హ్యామర్‌లాక్‌తో (మధ్యలో పిన్ను కొట్టి బిగించే రెండు ముక్కల లింకు) గానీ కలపొచ్చు కదా అని అడుగుతారు. బలానికి లోటు లేదు, జిప్సీ మీద మాత్రం నడవవు. లంగరు చివర షాకిల్ వాడతాం, అక్కడా ముందు పిన్ను కొలవాలి: 10 మి.మీ. షాకిల్ పిన్ను సాధారణంగా 11 మి.మీ. ఉంటుంది, 8 మి.మీ. గొలుసు లింకులోకి అది చాలాసార్లు దూరదు. వెల్డింగ్ గురించి ఒక్క మాట: జింకు పొగ ఒంటికి చేటు, పరీక్షించని వెల్డు నమ్మకానికి చేటు.

అతుకు ఎక్కడ పడాలి? లంగరుకు దగ్గరగా గొలుసు నేల మీద పడి ఉంటుంది, కాబట్టి లాగుడు తక్కువ అనే వాదన వింటుంటాం. పై కొసకీ కింది కొసకీ లాగుడులో తేడా, ఆ లోతుకు వేలాడే గొలుసు బరువంతే. 10 మీటర్ల లోతులో 8 మి.మీ. గొలుసుకు నీటిలో అది 12 కిలోల చిల్లర. గొలుసు బారుగా సాగి 400 కిలోల లాగుడు పడే గాలిలో 12 కిలోలు లెక్కలోకి రావు. కాబట్టి కొత్త గొలుసును లంగరు వైపు, పాతదాన్ని లాకర్ వైపు పెట్టండి. వీలైతే కొత్తది పొడవుగా, 50 మీటర్లు తీసుకోండి. మామూలు రోజుల్లో అతుకు లాకర్‌లోనే పొడిగా ఉంటుంది. అది బయటికొచ్చిన రోజున కూడా స్నబ్బర్ (గొలుసు లాగుడును తన మీదికి తీసుకునే సాగే తాడు) కొక్కాన్ని అతుకుకు ముందు, లంగరు వైపు తగిలించగలిగితే దాని మీద లాగుడే ఉండదు. కొక్కెం సి-లింకుకే తగిలించకూడదు. అతుకు రోలర్ వంపు మీద ఆగేలా గొలుసు వదలకూడదు, అక్కడ అడ్డంగా వంగి రివెట్లు వదులవుతాయి. అతుకుకు రెండు మీటర్లు ముందూ వెనకా వేరే రంగు పూస్తే చీకట్లోనూ తెలుస్తుంది.

తాడు కలపడానికి 8 మి.మీ. గొలుసుకు 14 మి.మీ., 10 మి.మీ.కి 16 మి.మీ. మూడు పురుల నైలాన్ వాడుక. జిప్సీ తాడుకీ గొలుసుకీ రెండింటికీ చేసినదై ఉండాలి. 40 సెం.మీ. మేర పురులు విప్పి, విప్పిన చోట దారం బిగించి కట్టండి. రెండు పురులు చివరి లింకులోకి ఒక వైపు నుంచి, మూడోది ఎదురు వైపు నుంచి దూర్చి, వెనక్కి తాడులోకి అల్లండి. నైలాన్ జారుతుంది, కనీసం ఆరు అల్లికలు వేయాలి. చివరి రెండింటిలో పురిని పలచన చేస్తే స్ప్లైస్ (ఈ అల్లిక అతుకు) సన్నగా ముగిసి జిప్సీలోంచి సాఫీగా వస్తుంది. కొసలను కాల్చి గడ్డ కట్టిస్తే ఆ గట్టి గడ్డ పక్క పురుల్ని కోస్తుంది. తడి పట్టుకుని ఉండటంతో ఆ చివరి లింకు అన్నిటికంటే ముందు తుప్పు పడుతుంది. ఏడాదికోసారి స్ప్లైస్ కోసి, తుప్పు లింకు తీసేసి, మళ్లీ అల్లాలి.

గొలుసు రెట్టింపైతే లాకర్‌లో కుప్ప ఎత్తూ పెరుగుతుంది. కుప్ప పైభాగానికీ డెక్‌కీ మధ్య కనీసం 30 సెం.మీ. ఖాళీ లేకపోతే గొలుసు కిందికి జారదు, పైపులోనే పేరుకుని జిప్సీకి అడ్డం పడుతుంది. చివరి కొసను పడవకు షాకిల్‌తో బిగించకండి, తాడుతో కట్టండి. కొస మొత్తం బయటికి వచ్చాక కట్టుతాడు డెక్ మీదికి కనిపించేంత పొడవు ఉండాలి, అత్యవసరంలో కత్తితో ఒక్క కోతకు తెగాలి.

ఆరు నెలలకోసారి అతుకును బయటికి తీసి, మంచినీటితో కడిగి, రెండు అర్ధభాగాల మధ్య సందు చూడండి. కాగితం దూరేంత సందున్నా, రివెట్ చుట్టూ ఎర్రటి మరక కారుతున్నా మార్చాలి. రివెట్ తలలను గ్రైండర్‌తో కోసి విప్పిన లింకును మళ్లీ వాడే వీలు లేదు కాబట్టి, పడవలో రెండు విడి సి-లింకులు, సుత్తి, ఉక్కు దిమ్మ, చిన్న జింకు పెయింటు డబ్బా ఒకే సంచిలో ఉంచుకోండి.