తుమ్మొస్తే భయం

కాన్పయ్యాక తుమ్మొస్తుందంటే చాలు, తొడలు రెండూ దగ్గరికి బిగించి నిలబడేదాన్ని. అయినా మూత్రం కారి బట్టలు తడిసేవి. "పిల్లల్ని కన్నాక మామూలేనమ్మా" అన్నారు అందరూ. చాలామందికి వచ్చేదే, నిజమే. అలాగని ఓర్చుకుని ఊరుకోవాల్సిన పని లేదు.

మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాల మీద గర్భంతో ఉన్నప్పుడే బరువు పడుతుంది. అందుకే సిజేరియన్ అయినవాళ్లకీ మూత్రం లీకవ్వచ్చు, నార్మల్ డెలివరీతో పోలిస్తే తక్కువే అనుకోండి. ఫోర్సెప్స్, అంటే బిడ్డ తలని పట్టి బయటికి లాగే పటకారు లాంటి పరికరం, వాడితే ఆ కండరాలు చిరిగే ప్రమాదం ఎక్కువ. ఈ ముక్క ముందే చెబితే డాక్టర్ల సొమ్మేం పోయింది? బిడ్డ బయటికొచ్చే సమయంలో గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెడితే పెద్ద చిరుగులు తగ్గుతాయని కూడా నాకెవరూ చెప్పలేదు.

ఫిజియోథెరపిస్ట్ ఆ కండరాల్ని గట్టిపరిచే కెగెల్ వ్యాయామం నేర్పారు. గ్యాస్ ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించాలి, మెల్లగా పూర్తిగా వదలాలి. పూటకు కనీసం 8 సార్లు, రోజుకు 3 పూటలు, 3 నెలల పాటు. ఊపిరి బిగబట్టకూడదు. ఆవిడ నా పొట్ట మీద చెయ్యి వేసి "ఇది గట్టిపడకూడదు" అనేవారు. మూత్రం మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయొద్దనీ చెప్పారు.

ఇప్పుడు రెండో కాన్పు. డాక్టర్ని అడగాల్సినవన్నీ చీటీ మీద రాసుకుంటున్నాను. మొదటి ప్రశ్న ఫోర్సెప్స్ గురించే.