‘ముస్ నిష్ట్’ అంటే ‘కూడదు’ అనుకోవద్దు

శుక్రవారం సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు జర్మన్ ఫోర్‌మన్ ‘జీ మ్యుస్సెన్ మోర్గెన్ నిష్ట్ కొమ్మెన్’ అన్నాడనుకోండి. ఇంగ్లిష్ మీదుగా జర్మన్ నేర్చుకున్న చెవికి అందులో ‘మస్ట్ నాట్’ వినిపిస్తుంది. రేపు రాకూడదంటున్నాడు, ఉద్యోగం ఏమైనా పోయిందా అని గుండె జారుతుంది. ఆయన చెప్పింది ‘రేపు రానక్కర్లేదు’ అని, అంతే.

దీనికి తిరగేసిన పొరపాటు ఇంకా ప్రమాదం. కరెంటు ప్యానెల్ దగ్గర కొత్తగా చేరినవాడికి ‘జీ మ్యుస్సెన్ దాస్ నిష్ట్ ఆన్‌ఫాస్సెన్’ అంటే, ముట్టుకోకూడదని చెప్పేశామనుకుంటాం. అతనికి వినిపించేది ‘ముట్టుకోనక్కర్లేదు’. అవసరమనిపిస్తే ముట్టుకోవచ్చన్నమాట! అక్కడ అనాల్సింది ‘జీ డ్యుర్‌ఫెన్ దాస్ నిష్ట్ ఆన్‌ఫాస్సెన్’.

నిజానికి ఈ తేడా తెలుగులో చక్కగా ఉంది. ‘చేయాలి’కి ఎదురుగా మనకు రెండు మాటలున్నాయి: ‘చేయకూడదు’, ‘చేయనక్కర్లేదు’. కూడదు అయితే ‘డ్యుర్‌ఫెన్ నిష్ట్’, అక్కర్లేదు అయితే ‘మ్యుస్సెన్ నిష్ట్’. ఇంగ్లిష్‌ను మధ్యలోకి రానివ్వకుండా తెలుగు నుంచి నేరుగా వెళ్తే తప్పు జరగదు. డచ్‌లో ఈ జంట ‘మాఖ్ నీట్’, ‘హూఫ్ట్ నీట్’. స్వీడిష్‌లో ‘ఫోర్ ఇంటె’, ‘బెహ్యోవర్ ఇంటె’.

మస్ట్, మ్యుస్సెన్, డచ్ ‘మూటెన్’, స్వీడిష్ ‘మొస్టె’ ఒకే మూలం నుంచి వచ్చాయి. ఆ మూలానికి మొదట బలవంతం అనే అర్థమే లేదు, ‘చోటుండటం, వీలుండటం’ అని అర్థం. జర్మన్‌కు బంధువైన పాత భాష గోతిక్‌లో 4వ శతాబ్దంలో వచ్చిన బైబిల్‌లో, మార్కు సువార్త 2వ అధ్యాయంలో, గుమ్మం దగ్గర కూడా జనానికి చోటు చాలలేదని చెప్పడానికి ‘గమోటన్’ అన్న క్రియనే వాడారు. పాత ఇంగ్లిష్‌లో ‘మోటన్’ అంటే అనుమతి ఉండటం. దాని భూతకాల రూపమే నేటి మస్ట్. తీరిక అనే అర్థంలో జర్మన్‌లో మిగిలిన ‘మూసె’ కూడా ఈ ఇంటిదే. వీలు నుంచి అనుమతికి, అనుమతి నుంచి తప్పనిసరికి అర్థం జరుగుతూ వచ్చింది. ‘కాదు’ చేరినప్పుడు మాత్రం దారులు విడిపోయాయి: ఇంగ్లిష్ పనిని వద్దంటుంది, జర్మన్ తప్పనిసరిని తీసేస్తుంది.

డేనిష్, నార్వేజియన్ ‘మో’ వేరే కుటుంబం. అది ఇంగ్లిష్ ‘మే’కి, జర్మన్ ‘మ్యోగెన్’కి బంధువు. డేనిష్‌లో ‘మో’ అంటే ఎక్కువగా ‘చేయవచ్చు’, నార్వేజియన్‌లో ‘చేయాలి’. కోపెన్‌హాగెన్ నుంచి ఓస్లోకు బదిలీ అయ్యేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మళ్లీ జర్మన్‌కి వస్తే, ఆఫీసులో ఎక్కువగా వినబడే మ్యుస్సెన్ ఇంకో రూపం ‘మ్యుస్టె’ (müsste). ‘దాస్ మ్యుస్టె మోర్గెన్ ఫెర్టిష్ జైన్’ అంటే ‘రేపటికి అయిపోవాలి మరి’ అన్న అంచనా. దాన్ని మాట ఇచ్చినట్టు తీసుకుని కస్టమర్‌కు తేదీ చెప్పేయకండి. u మీద రెండు చుక్కలు లేని ‘ముస్టె’ (musste) అయితే భూతకాలం, ‘చేయాల్సి వచ్చింది’ అని. ఈమెయిల్‌లో ఆ రెండు చుక్కలు మర్చిపోతే అర్థమే మారిపోతుంది.

జర్మన్ ప్రభుత్వ కాగితాల్లో మూడు మాటలు వెతకండి. ‘ముస్’ (మ్యుస్సెన్ ఏకవచన రూపం) ఉంటే అధికారికి వేరే దారి లేదు. ‘జోల్’ ఉంటే మామూలుగా చేసి తీరాలి, అసాధారణ పరిస్థితిలోనే మినహాయింపు. ‘కాన్’ ఉంటే నిర్ణయం అధికారి విచక్షణకే వదిలారు. వీసా పొడిగింపుకు మీకు వర్తించే నిబంధనలో ‘కాన్’ కనబడితే, మీకు అనుకూలమైన కారణాలన్నీ దరఖాస్తుతోపాటే రాసివ్వండి.